రేవు రాకాసి

గిలకలదిండి రేవు, బందరు
జూన్, 2005

ఒరే గోపీ,

నీకు అమ్మమ్మ కోటమ్మ రాయిస్తున్నది. రాసేది మన రేవు దగ్గర టెలిఫోన్ బూత్ నడిపే అరుణకుమారి. నేను ఏది చెబితే అది రాయాలి, మెత్తగా మార్చి రాస్తే ఊరుకోనని దానికి ముందే చెప్పాను. ఫోను చెయ్యకుండా ఈ కాగితం ఎందుకంటావు. ఫోనులో అయితే రెండు సార్లు ఊఁ కొట్టి, ఆఫీసులో ఉన్నాను అమ్మమ్మా అని పెట్టేస్తావు. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు.

ఆశీర్వాదం సంగతి తర్వాత. ముందు నా ఫిర్యాదు విను.

మొన్న మంగళవారం ఎప్పటిలాగే పాసింజరు ఎక్కి గుడివాడ వెళ్ళాను. మార్కెట్లో గంప దించి కూర్చున్నాను. సంచీ తగిలించుకుని బడికి పోయే పిల్లాడు ఒకడు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కదలడు.

"ఏం కావాలిరా?" అన్నాను.

"ఏం వద్దు మామ్మా. నిన్ను నిన్న చంపేశాను. మా అన్నకి చేతకాలేదు. నేనే చంపాను" అన్నాడు.

నా ముందు కత్తిపీట ఉంది. అయినా వాడి మొహం చూస్తే పొగరు లేదు. పరీక్ష పాసయినట్టు చెబుతున్నాడు. ఎక్కడ చంపావు, చూపించమన్నాను. బస్టాండు వెనక కంప్యూటర్ల కొట్టుకి తీసుకెళ్ళాడు. కొట్టువాడు "చేపల గంప బయట పెట్టమ్మా, వాసన" అన్నాడు. బయట పెట్టాను. లోపలికి వెళ్ళి చూశాను.

ఆ పెట్టెలో రేవుంది. ఇసక మీద నేనున్నాను. నెత్తిన చుట్టకుదురు, దాని మీద గంప, ముక్కుకి నా అడ్డబాస, ఎడమ కనుబొమ్మ మీద గాలం గీసిన గీత. ఆ గీత కూడా వదల్లేదురా నువ్వు. అటూ ఇటూ నడుస్తూ, వచ్చేవాళ్ళ మీద పీతలు విసురుతున్నాను. ఒక పిల్లాడు తెడ్డు పట్టుకొచ్చి నా మోకాళ్ళ మీద కొట్టాడు. కూలబడ్డాను. చేపలన్నీ చెదిరిపోయాయి. నేను పొగైపోయాను. వాడు నన్ను దాటుకుని పడవెక్కాడు. ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చోగానే నేను మళ్ళీ లేచి అక్కడే నిలబడ్డాను. వాడూ కొట్టాడు. ఎవర్రా ఆవిడ అంటే, రేవు రాకాసి అన్నారు.

కంప్యూటరు ఆటలకి బొమ్మలు గీసే ఉద్యోగమని నువ్వు చెప్పినప్పుడు నేను రేవంతా చాటుకున్నాను. ఈ బొమ్మలని నాకు తెలియదు.

ఇప్పుడు గుడివాడ నుంచి వ్యానేసుకొచ్చే పోతురాజు ఉన్నాడు కదా, నేను ధర చెబితే నోరెత్తని మనిషి. మొన్న రేవులో నేను ధర చెప్పగానే "మరీ బిగించకు పిన్నీ, తెడ్డు తెస్తాను" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఆ రోజు నా సరుకు వాడు చెప్పిన ధరకే పోయింది. నాకు పొలమా, పడవా? నా నోటికి జనం జంకితేనే నా గంపకి ధర. ఆ నోరు కూడా ఇంక పనికిరాకుండా చేశావు.

నన్ను అందులోంచి తీసెయ్. ఇప్పటికి నా ఆశీర్వాదం లేదు.

కోటమ్మ

&nbsp;

అమీర్‌పేట, హైదరాబాదు
జూన్ ఆఖరు, 2005

అమ్మమ్మకి గోపి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. కోప్పడకు. నేను గీసిన బొమ్మని నువ్వు ఎప్పటికైనా చూస్తావని, అదీ గంప బయట పెట్టి వెళ్ళి చూస్తావని నేను అనుకోలేదు.

అది నువ్వు కాదు అమ్మమ్మా. కథలో ఒక పిల్లాడు సముద్రం మీదికి వెళ్ళాలి. రేవులో ఒక రాకాసి వాణ్ణి వెళ్ళనివ్వకూడదు. దారికి అడ్డం నిలబడే మనిషిని గియ్యి అన్నారు, గీశాను. పోలికలు ఏవో అనుకోకుండా పడి ఉంటాయి.

తీసెయ్యమన్నావు. అది నా చేతిలో లేదు. మా ఆఫీసులో రెండు రకాల వాళ్ళం ఉంటాం. మా వైపు వాళ్ళం బొమ్మ గీస్తాం. అవతలి వైపు ప్రోగ్రామర్లు. ఆ బొమ్మ ఎటు నడవాలి, ఏం విసరాలి, ఏం తగిలితే పడిపోవాలి అన్నది కంప్యూటరుకి దాని భాషలో రాసి చెప్పేది వాళ్ళు. మేం బొమ్మ ఇచ్చేశాక వాళ్ళు దాన్ని లోపల పెట్టి తలుపు వేసుకుంటారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు. మా పైన ఉండే గిరిధర్ గారిని అడిగి చూశాను. "ఆ రాకాసి వల్లే సీడీ అమ్ముడుపోతోంది గోపీ. ఆవిణ్ణి కదిపితే నన్ను కదుపుతారు" అన్నారు.

పోతురాజు మావయ్య సరదాకి అన్నాడులే. పట్టించుకోకు.

ఎప్పటిలాగే అంచున ఒక పీతని, నాటు పడవని గీశాను. తోక పట్టుకుని వేలాడదీసిన చందువా చేప కూడా ఉంది. ఇవి నీకు ఎవరూ చదివి పెట్టక్కర్లేదు.

నీ గోపి

&nbsp;

గిలకలదిండి రేవు, బందరు
జులై, 2005

ఒరే గోపీ,

పోలికలు అనుకోకుండా పడ్డాయా? గాలం గీత అనుకోకుండా ఎలా పడుతుందిరా? నీ చిన్నప్పుడు పడవ అడుగున దాక్కుని వేటకి పోబోతే, నేను జుట్టు పట్టుకుని బయటికి లాగాను. అప్పుడు నీ పక్కనున్న గాలం ఎగిరొచ్చి నా నొసటికి తగిలింది. ఆ రోజు నుంచి నీకు కక్ష. నిన్ను పడవ ఎక్కనివ్వలేదని, అవనిగడ్డ హాస్టల్లో పడేశానని. కక్ష ఉంటే ఉంచుకో. అమ్మ లేని పిల్లాడివని కూడా చూడను, ఇప్పుడైనా ఎక్కనివ్వను.

నీ చేతిలో లేదని రాశావు కాబట్టి నేను పెద్దల దగ్గర పెట్టాను. రేవు పెద్ద సత్తయ్య, ఇంకో నలుగురు మంచు ఫ్యాక్టరీ అరుగు మీద కూర్చున్నారు.

"కోటమ్మా, ఇది కంప్యూటరు గొడవ. మాకేం తెలుస్తుంది?" అన్నాడు సత్తయ్య.

"వల సంగతి తెలుసా మీకు?" అన్నాను.

"తెలుసు."

"అయితే చాలు. వాడు గీసింది వచ్చి నా బతుకు మీద పడి చుట్టుకుంది. ఏ కట్టుబాటు ఉందో అదే చెప్పండి."

మన రేవు కట్టుబాటు నీకు తెలియంది కాదు. ఒకడి వల ఇంకొకడి వల మీద పడి చిక్కుకుంటే, మీద పడ్డ వల ఎవడిదో వాడే నీళ్ళలోకి దిగాలి. డబ్బిచ్చి ఇంకొకణ్ణి దింపకూడదు. కత్తి తగలకూడదు. చిక్కు వదిలేదాకా వేళ్ళతోనే విప్పాలి. వాళ్ళు కాసేపు గొణుక్కున్నారు, టీ తాగారు, గోపీయే దిగి విప్పాలి అన్నారు.

ఎవరో ప్రోగ్రామర్లున్నారు, వాళ్ళు రాస్తారు అన్నావు. వాళ్ళని బతిమాలి తీయించానంటే నేను ఒప్పుకోను. నువ్వు వాళ్ళలో కలువు. ఆ భాష ఏదో నేర్చుకో. లోపలికి వెళ్ళి నీ చేత్తో విప్పు.

గుడివాడలో నేను కనబడితే చాలు, పిల్లలు ఆ ఆటలో వచ్చే పాట కూనిరాగం తీస్తున్నారు. మోకాళ్ళు సలుపుతున్నాయి. అక్కడ ఎవడు కొట్టిన దెబ్బ ఇక్కడ తగులుతోందో.

కోటమ్మ

&nbsp;

అమీర్‌పేట, హైదరాబాదు
సెప్టెంబరు, 2005

అమ్మమ్మకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ నెల నుంచి నేను బొమ్మల వైపు కాదు, ప్రోగ్రామింగ్ వైపు. ఇది ఇంతకుముందు కంటే పెద్ద పని. గిరిధర్ గారే పిలిచి ఇచ్చారు. ఆ భాష నేర్చుకోవడానికి పుస్తకాలు కొన్నాను. లెక్కలు మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాను.

రాకాసి ఉన్న చోటికి ఇంకా రానివ్వలేదు. కొత్తవాళ్ళకి ముందు చిన్న చిన్న పనులే ఇస్తారు. వేసవి సెలవులకి కొత్త సీడీ వస్తుంది. అప్పటికి నా చేతికి వస్తుంది.

ఆరోగ్యం జాగ్రత్త. మోకాళ్ళకి డాక్టరుకి చూపించుకో.

గోపి

&nbsp;

గిలకలదిండి రేవు, బందరు
అక్టోబరు, 2005

ఒరే గోపీ,

నీ ఉత్తరం అరుణకుమారి చదివింది. పెద్ద పని అన్న చోట దాని గొంతు కూడా పెద్దదయింది. చదవడం అయ్యాక కాగితం నేను తీసుకున్నాను. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. అంచున పీత లేదు. పడవ లేదు. ఎండు చేప ముక్క కూడా లేదు. అక్షరాలు నాకు చీమల బారు. నాకు రాసేది నువ్వు అంచుల్లోనే రాస్తావు. ఈసారి నువ్వు నాకు ఏమీ రాయలేదన్నమాట.

పెద్ద పని దొరికినవాడు చెయ్యి ఎందుకు ముడుచుకుంటాడు? కవరు అంటించే ముందు గీత గియ్యడానికి ఎంతసేపు పడుతుంది? ఏం దాస్తున్నావో రాయి. దాచడం నీకు చాతకాదు. పడవ అడుగున దాక్కున్నప్పుడు కూడా నీ కాలు బయటికే ఉంది.

నా సంగతి అడిగావు. నాకేం. రోజూ పాసింజరు ఎక్కుతున్నాను, గుడివాడ వెళ్తున్నాను. పోతురాజుకి మొన్న నాలుగు పెట్టాను, నోరు మూసుకున్నాడు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

కోటమ్మ

&nbsp;

(అదే కవరులో, చిన్న కాగితం మీద)

తమ్ముడూ గోపీ,

ఇది మామ్మకి చెప్పకుండా పెడుతున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయడం నా పని, అందుకని పైన రాశాను. అందులో చివరి నాలుగు మాటలూ అబద్ధం. వినాయక చవితి అయ్యాక గుడివాడ స్టేషన్లో గంపతో దిగుతూ మెట్టు మీంచి పడిపోయింది. కుడి మోకాలు ఇంతలావు వాచింది. అప్పటి నుంచీ మార్కెట్టు లేదు, రైలూ లేదు. పడిన దగ్గర కూడా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదట. నీకు తెలిస్తే నువ్వు పని వదిలేసి వస్తావని ఆవిడ భయం. తెలిసినట్టు రాయకు.

అరుణకుమారి

&nbsp;

అమీర్‌పేట, హైదరాబాదు
నవంబరు, 2005

అమ్మమ్మా,

దాచడం చాతకాదన్నావు. నిజమే.

పెద్ద పని కాదు. మా ఆఫీసులో బొమ్మలు గీసేవాళ్ళలో ఎక్కువమందిని పంపించేశారు. ఇక మీదట బొమ్మలు బయట ఎక్కడి నుంచో చవగ్గా కొంటారట. నా పక్క కుర్చీలో మోహన్ ఉండేవాడు, నేను ఎప్పుడూ చెప్పేవాడే, కుండీలో తులసి మొక్క పెంచేవాడు. దాన్ని కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. తర్వాత గిరిధర్ గారు నన్ను పిలిచి "నీకు బుర్రుంది. ప్రోగ్రామింగ్ వైపు వస్తే ఉంచుతాను" అన్నారు. రానంటే నేనే మానేసినట్టు లెక్క. చేరేటప్పుడు రెండేళ్ళు కదలనని రాసిచ్చి, నా సర్టిఫికెట్లు వాళ్ళకి అప్పగించాను. మధ్యలో వెళితే అవి ఇవ్వరు. అవి లేకుండా ఇంకో చోట ఎవరూ తీసుకోరు. నువ్వు దిగమన్న రోజుల్లోనే వీళ్ళు తోశారు. నేను నీ మాట విని దిగినట్టు రాశాను.

ఒక పలక ఉండేది. దాని మీద కలంతో గీస్తే తెర మీద పడేది. నేను ప్రోగ్రామింగ్ వైపు మారగానే దాన్ని తీసుకెళ్ళిపోయారు. బల్ల మీద అది ఉన్న మేర రంగు వేరుగా కనబడుతుంది. చెయ్యి అక్కడికే పోతుంది. ఇప్పుడు అంతా మీటలు నొక్కడమే. ఎక్కడో ఒక చుక్క మర్చిపోతే ఏదీ కదలదు. ఆ చుక్క కోసం పొద్దు పోతుంది. ఇంజనీరింగ్ చదివిన కుర్రాళ్ళు టీ తాగి వచ్చేలోపు చేసేది నాకు వారం పడుతుంది. నన్ను "బొమ్మల బాబూ" అని పిలుస్తారు. చెడ్డవాళ్ళు కాదు. తెరలు బాగా కనబడాలని కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించారు. బయట వాన పడుతోందో లేదో కిందికి దిగితే గాని తెలియదు.

అంచున గియ్యలేదని అడిగావు. గీద్దామనే కూర్చున్నాను. చెయ్యి రాలేదు. ఇప్పుడూ రావట్లేదు.

ఇంకొకటి. రాకాసిని మోకాళ్ళ మీదే ఎందుకు కొడతారు అని నువ్వు అడగలేదు. ఎక్కడ తగిలితే పడిపోవాలి అని ప్రోగ్రామర్లు నన్ను అడిగారు. మోకాళ్ళు అన్నాను. గుమ్మంలో కూర్చుని ఆముదం వెచ్చచేసి నువ్వు మోకాళ్ళకి రాసుకునే దానివి. నీకు ఎక్కడ నొప్పో నాకు తెలుసు. అందుకని అక్కడే చెప్పాను. చెప్పేటప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు అది తప్ప ఇంకేం ఆలోచన లేదు.

పోలికలు అనుకోకుండా పడలేదు. దారికి అడ్డం నిలబడే మనిషి అనగానే నాకు ఇంకో మొహం రాలేదు.

నువ్వు పడ్డావని తెలిసింది. ఎవరు చెప్పారని అడగకు.

గోపి

&nbsp;

గిలకలదిండి రేవు, బందరు
ఫిబ్రవరి, 2006

ఒరే గోపీ,

ఎవరు చెప్పారని అడగొద్దన్నావు. ఆ మాట చదవగానే చదివే మనిషి గొంతు ఆగిపోయింది. ఇంక అడగడం దేనికి. కొన్నాళ్ళు దానితో మాట మానేశాను. కోపం పోలేదు గాని, రాసిపెట్టే ఇంకో మనిషి దొరకలేదు. అందుకే ఇంత ఆలస్యం.

మోకాలు పోయింది. బందరులో పెద్ద డాక్టరు చూసి ఇక గంప ఎత్తొద్దు, రైలు ఎక్కొద్దు అన్నాడు. ఎక్కొద్దని చెప్పాలా, మెట్టెక్కితే కదా రైలు. ఇప్పుడు నాకున్నది మంచం, గుమ్మం, ఈ బూత్. పొద్దున్న అరుణకుమారి నన్ను తీసుకొచ్చి కుర్చీలో పెడుతుంది, పొద్దుగూకితే తీసుకెళ్తుంది. సరుకు దించి ఎక్కించినట్టు. అది మంచిదే. మంచివాళ్ళ చేతిలో ఉన్నా మూట మూటే.

బూత్‌లో ఒక కంప్యూటరు పెట్టారు. పిల్లలు వచ్చి నన్ను ఆడతారు. మొదట్లో మొహం తిప్పుకునేదాన్ని. కుర్చీలోంచి ఎంతసేపని తిప్పుకుంటాను, చూడ్డం మొదలుపెట్టాను.

ఒరే, ఆ తెడ్డువాడు వచ్చేదాకా నేను నడుస్తాను. గంప నెత్తిన పెట్టుకుని, ఒక చెయ్యి ఊపుకుంటూ, రేవు ఈ చివర నుంచి ఆ చివరికి. మడమ ముందు ఆనుతుంది. ఎడమ భుజం కాస్త వంగుతుంది. ఇసకలో నడిచే ఆ నడక నాదే. నా మొహం సంగతి సరే, నా నడక నువ్వు ఎప్పుడు చూశావో నాకు తెలియదు. నేను ముందు నడుస్తుంటే వెనకాల వచ్చేవాడివి, అప్పుడై ఉంటుంది. ఆ నడక ఇప్పుడు నాకు ఇంకెక్కడా లేదు. పిల్లల్ని "కాసేపు కొట్టకండ్రా, నడవనివ్వండి" అంటాను. "కొట్టకపోతే ఆటెలా అవుతుంది మామ్మా" అంటారు. వాళ్ళదీ నిజమే.

అందుకని నా ఫిర్యాదు మార్చుకుంటున్నాను. నన్ను తియ్యొద్దు. ఆ దెబ్బ తియ్యి. సత్తయ్యకి కూడా కబురు పెట్టాను. "పెద్దల్ని కూర్చోబెట్టి చెప్పించుకున్నది మళ్ళీ మారుస్తానంటే ఎలా కోటమ్మా?" అన్నాడట. మోకాలు నాది, సత్తయ్యది కాదు.

నీ సంగతి విన్నాను. నల్ల కాగితం, పలక, అన్నీ. రెండుసార్లు చదివించుకున్నాను. నిన్ను నీళ్ళలోకి దిగమన్నాను గాని అందులోనే ఉండిపొమ్మని నేను చెప్పలేదు. చిక్కు వదలగానే బయటికి రావాలి. వచ్చి చెయ్యి కదిలించు. అది ఎండిపోకూడదు.

ఆశీర్వాదం ఇస్తున్నాను. అప్పుగా.

కోటమ్మ

&nbsp;

అమీర్‌పేట, హైదరాబాదు
ఏప్రిల్, 2006

అమ్మమ్మా,

దెబ్బ తీసేశాను.

చివరికి లోపలికి రానిచ్చారు. నేనేదో నిన్ను చూస్తాననుకున్నాను. అక్కడ నువ్వు లేవు. ముక్కు లేదు, అడ్డబాస లేదు. ఇక్కడి నుంచి అక్కడి దాకా నడు, అక్కడ చివర తగలగానే వెనక్కి తిరుగు అని రాసి ఉంది. దాని కింద, తెడ్డు తగిలితే పడిపో అని ఒక వాక్యం. ఈ రెండూ చదవడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. ఆ వాక్యం తీసేశాను. ఇప్పుడు తెడ్డు నీలోంచి గాలిలో పోయినట్టు పోతుంది. నువ్వు ఆగవు. నువ్వు అటు తిరిగినప్పుడు పిల్లాడు చప్పుడు చెయ్యకుండా దాటిపోవాలి, అంతే. చిన్నప్పుడు నేను చేయబోయింది కూడా అదే కదా. కాకపోతే నాకు కుదరలేదు.

కొత్త సీడీ బయటికి వెళ్ళింది. వెంటనే ఫిర్యాదులు వచ్చాయి, రాకాసి చావడం లేదని. గిరిధర్ గారికి అది పొరపాటున జరిగిందనే తెలుసు, నేను చేశానని తెలియదు. సరిచేసే పని నాకే ఇచ్చారు. రోజూ "ఏమైంది గోపీ?" అంటారు. "చూస్తున్నానండీ" అంటాను. నేను చూస్తున్నంత కాలం నువ్వు నడుస్తూనే ఉంటావు.

వచ్చే నెలతో నా రెండేళ్ళూ నిండుతాయి. సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోవచ్చు. మోహన్ విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసే చోట చేరాడు. బొమ్మలు గీసే మనిషి ఇంకొకరు కావాలట, రమ్మని రాశాడు. కానీ నేను లేచిన మర్నాడే నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఆ వాక్యం తిరిగి పెట్టడం వాడికి పూట పని. ఇంకో సీడీ వస్తుంది. పాతవి ఎవరూ ఆడరు. బూత్‌లో నీ కళ్ళ ముందే మళ్ళీ నీ మోకాళ్ళ మీద కొడతారు.

అందుకని ఇంకో మూడేళ్ళు ఉంటానని గిరిధర్ గారికి చెప్పాను. కాగితాలు తయారవుతున్నాయి. వచ్చే సోమవారం సంతకం పెడతాను. మోహన్‌కి రానని రాసేశాను.

నువ్వేమీ అనకు. రేవులో నాకు అడ్డం నిలబడ్డ రోజు నన్ను అడిగి నిలబడ్డావా? నేనూ నిన్ను అడగటం లేదు.

గోపి

&nbsp;

గిలకలదిండి రేవు, బందరు
ఏప్రిల్, 2006. శనివారం

ఒరే గోపీ,

నీ ఉత్తరం ఇందాకే వచ్చింది. చదవగానే ఫోను చేయించాను. నా గొంతు వినగానే "ఆఫీసులో ఉన్నాను అమ్మమ్మా" అని పెట్టేశావు. మళ్ళీ చేయిస్తే ఎత్తలేదు. నేనేం అంటానో నీకు తెలుసన్నమాట. అందుకని కాగితం మీదే అంటున్నాను.

నన్ను తీసెయ్. మొత్తం తీసెయ్. ముక్కు, అడ్డబాస, గీత, నడక, ఏదీ ఉంచకు. బయట చవగ్గా కొంటున్నారు కదా, ఏ రాకాసినో కొనుక్కుని నిలబెట్టుకోమను. ఎక్కడ కొట్టుకుంటారో కొట్టుకోమను.

తియ్యమన్నది నువ్వే, వద్దన్నది నువ్వే, మళ్ళీ తియ్యమంటున్నది నువ్వే అంటావు. అవును, నేనే. బొమ్మ నాది.

నిన్ను అడగకుండా అడ్డం నిలబడ్డాను, ఒప్పుకుంటాను. ఎందుకు నిలబడ్డానో కూడా విను, నేను ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు అడగలేదు. నాకు సముద్రం అంటే భయం కాదు. మంచు ఫ్యాక్టరీ గోడ మీద నువ్వు బొగ్గుతో పీతని గీశావు. కాళ్ళు కదులుతున్నట్టు గీశావు. అరుగు మీద కూర్చున్న పిల్లి దాని మీదికి దూకింది. ఆ చెయ్యి తాడు లాగడానికి పెట్టకూడదనుకున్నాను. అంతే. నిన్ను నా కళ్ళ ముందు ఉంచుకోవడానికి ఆపి ఉంటే హాస్టలుకి ఎందుకు పంపుతాను? ఇప్పుడు ఆ చేతినే నా కోసం నల్ల కాగితం వెనక కట్టేసుకుంటానని రాస్తున్నావు. నేను నొసలు చీల్చుకున్నది దీనికా?

నా నడక గురించి నువ్వు దిగులు పడక్కర్లేదు. నీ ఉత్తరం విన్నాక బూత్ బయటికి కేకేశాను. పోతురాజు వ్యాను దగ్గర ఉన్నాడు, వచ్చాడు.

"నువ్వు లేక రేవులో ధర ఎవడూ తేల్చట్లేదు పిన్నీ. పొద్దెక్కేదాకా అరుచుకుంటున్నారు" అన్నాడు.

"అయితే ఈ కుర్చీ ఎత్తు."

"నేనా?"

"నువ్వే. తెడ్డు తెస్తానన్నావుగా. తెడ్డు మొయ్యగలిగినవాడివి ముసలిదాన్ని మొయ్యలేవా?"

ఇంకొకణ్ణి పట్టుకుని కుర్చీతో సహా ఎత్తాడు. ఇసకలో కాలు దిగబడి దారంతా రొప్పుతూనే ఉన్నాడు. వలలు దించే చోట పెట్టించుకున్నాను. వాడు ఊపిరి తీసుకునే లోపే ధర చెప్పాను. తల ఊపాడు. ఊపాక గాని ఏ ధరకి ఊపాడో వాడికి తెలియలేదు. అరుణకుమారి బూత్ గుమ్మంలోంచి చూస్తోంది, అది సాక్ష్యం. (చూశాను తమ్ముడూ. మోసేటప్పుడు కూడా వాణ్ణి తిడుతూనే ఉంది. — అరుణకుమారి)

రేపూ వెళ్తాను. కూర్చుని అమ్ముతాను. పెట్టెలో నడిచే కోటమ్మతో నాకు పని లేదు.

కాబట్టి నీ చేత్తోనే తియ్యి, ఇంకొకళ్ళకి వదలకు. తీసి, వాళ్ళకి అప్పగించిన నీ సర్టిఫికెట్లు తీసుకుని, విజయవాడ బండెక్కు. రానని మోహన్‌కి రాశావు కదా, వస్తానని ఇంకోటి రాయి. వాడు కుండీ వదిలేసి పోయాడన్నావు, అది పట్టుకెళ్ళి ఇవ్వు.

ఈ ఉత్తరం సోమవారం లోపు నీకు అందదని అరుణకుమారి అంటోంది. రేపు ఆదివారం, టపా కదలదట. నాకు తెలుసు. అయినా రాయమన్నాను.

సంతకం ఇంకా పెట్టకపోతే పెట్టకు. పెట్టేసుంటే, ఆ సంగతి మాత్రం నాకు రాయకు.

కోటమ్మ